సస్పెన్స్ ఖాతాలో వేడి

గిన్నెలో లీటరు నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, అందులో థర్మామీటరు వేలాడదీస్తే మొదటి కొన్ని నిమిషాలు అంతా సవ్యంగానే ఉంటుంది. గ్యాస్ మండుతుంది, పాదరసం ఎక్కుతుంది: 30, 50, 80, 95. వంద దగ్గర పాదరసం ఆగిపోతుంది. గ్యాస్ మాత్రం ఆగదు. ఇంకో అరగంట మండించినా, మంట రెట్టింపు చేసినా పాదరసం ఆ గీత దాటదు. గిన్నెలో నీళ్లు తరిగిపోతుంటాయి, అంతే. మరి ఆ అరగంటా లోపలికి వెళ్లిన వేడి ఏమైనట్టు? ఈ ఒక్క ప్రశ్న మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకాయన ఉద్యోగమంతా లెడ్జర్లతో గడిపి రిటైరైన అకౌంట్స్ అధికారి. రసీదు లేని అంకెను నమ్మడు. ఎదురుగా ఆయన మేనకోడలు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. నా మొగ్గు దాచుకోను, అది మేనకోడలి వైపే. అలాగని మావయ్య వాదన తీసిపారేసేది కాదు. రెండున్నర శతాబ్దాల కిందటి దాకా యూరప్ పండితుల్లో ఎక్కువమంది ఇంచుమించు ఆయన పక్షమే.

మావయ్య: అమ్మడూ, ఆఫీసులో మాకో అలవాటుండేది. సొమ్ము కదిలినట్టు తెలుస్తుంది, ఏ పద్దు కింద రాయాలో తెలియదు. అప్పుడు దాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేసేవాళ్లం. ఆడిట్ వాళ్లు ముందు వేలు పెట్టేది అక్కడే, ఎందుకంటే చేతకాని గుమాస్తా తన తప్పులన్నీ అందులోనే పాతిపెడతాడు. పాదరసం కదపకుండా లోపలికి వెళ్లిన వేడిని మీరు గుప్తోష్ణం అంటారే, అది నాకు అచ్చం అలాగే కనిపిస్తోంది. వేడి ఎంతుందో చెప్పేది థర్మామీటరు. అది వంద దగ్గర ఆగిందంటే నీళ్లు ఇక వేడి పుచ్చుకోవడం మానేశాయని అర్థం. మిగతా మంటంతా గిన్నె పక్కల నుంచి గాల్లో కలిసిపోయింది. స్టవ్ పక్కన నిలబడితే మొహానికి సెగ తగలడం లేదూ? కనబడకుండా పోయినదానికి 'గుప్తం' అని పేరు పెట్టి జమ వైపు రాసుకోవడం, లెక్క ఎలాగైనా టాలీ కావాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ కాదు. జ్వరమొస్తే డాక్టరు చూసేది థర్మామీటరు. ఎండాకాలం టీవీలో చెప్పేదీ దాని అంకే. ఒక అంకెతో లోకమంతా నడుస్తుంటే మీకు రెండో పద్దు ఎందుకు?

మేనకోడలు: టాలీ కోసం పుట్టించిన అంకె అయితే, మావయ్యా, కొలిచినప్పుడల్లా మారుతుంది, ఆ పూట ఎంత లోటు పడితే అంత. ఇది మారదు. మొదట కొలిచినాయన సంగతి వినండి. జోసెఫ్ బ్లాక్, స్కాట్లండ్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యం, రసాయనం చెప్పేవాడు. 1760ల తొలి ఏళ్లలో ఆయన ఒకేలాంటి రెండు పల్చటి గాజు బుడ్లు తీసుకున్నాడు. రెండింటిలోనూ సమానంగా నీళ్లు పోసి, ఒకదాన్ని గడ్డ కట్టించాడు. రెండోదాన్ని 33 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా, అంటే గడ్డకట్టడానికి ఒక్క డిగ్రీ పైదాకా చల్లార్చాడు. రెండింటినీ 47 డిగ్రీలున్న పెద్ద ఖాళీ హాల్లో వేలాడదీశాడు. మీరన్న సెగ, గాలి, గిన్నె పక్కల బేరం ఇక్కడ లేదు, ఎందుకంటే మంటే లేదు. గది వేడే నిదానంగా రెండు బుడ్లలోకీ వెళుతుంది. నీళ్ల బుడ్డి అరగంటలో 7 డిగ్రీలు పెరిగి 40కి చేరింది. మంచు బుడ్డి కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. పదిన్నర గంటలంటే ఇరవై ఒక్క అరగంటలు. అరగంటకు 7 చొప్పున 147 డిగ్రీల వేడి జమ కావాలి. థర్మామీటరు చూపించింది 32 నుంచి 40కి, ఎనిమిది డిగ్రీలే. మిగతా 139 ఎక్కడ? అదీ ఆయన వేసుకున్న ప్రశ్న.

మావయ్య: ఎక్కడా లేదు, అసలు రాలేదు. అరగంటకు ఏడు చొప్పున పదిన్నర గంటలూ సమానంగా వస్తుందని ఎవరు చెప్పారు? వడ్డీ రేటు మధ్యలో మారకూడదా? నీళ్లు వెచ్చబడే కొద్దీ గదికీ వాటికీ తేడా తగ్గుతుంది, రాబడి తగ్గుతుంది. మంచు బుడ్డిలో ఇంకేదో రేటు. ఒక బుడ్డి రాబడి చూసి రెండో బుడ్డి ఖాతా రాయడం, పక్కింటి కరెంటు బిల్లు చూసి మనింటి మీటరు రాయడం లాంటిది.

మేనకోడలు: ఆ బెడద ఉంది. అందుకే బ్లాక్ గడియారాన్ని పక్కన పెట్టి తక్కెడ పట్టుకున్నాడు. తూచిన మంచుముక్కను తూచిన వేడినీళ్లలో వేసి, అంతా కరిగాక ఉష్ణోగ్రత చూశాడు. వేడినీళ్లు ఎంత పోగొట్టుకున్నాయో, మంచు కరిగిన నీళ్లు ఎంత వెచ్చబడ్డాయో తీసేస్తే లోటు తేలుతుంది. ఇందులో గంటల ఊసే లేదు, బరువు, డిగ్రీలే. ఈసారి 143 వచ్చింది. ఇవాళ్టి కొలత 144. సెల్సియస్‌లో చెప్పాలంటే గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు. అంటే మంచుని నీరు చేయడానికి అయ్యే ఖర్చుతో ఆ నీటినే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే ఊరు చేరితే ఆ ఊరు ఉన్నట్టే కదా! పైగా బ్లాక్ వీటన్నిటికంటే ముందే ఒక మాట అన్నాడు. మంచు ఒక్క పిసరు వేడి తగలగానే కరిగేదే అయితే, చలికాలం పోగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా నీరై ఊళ్లను ఊడ్చేయాలి. అలా జరగదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతుంది. ప్రతి గ్రామూ తన 80 కెలోరీలు కట్టించుకునేదాకా కదలదు.

ఇక్కడొక మాట నేను చెప్పుకోవాలి. మావయ్య ఉపమానం ఆయన అనుకున్నదానికంటే పదునైంది. సస్పెన్స్ ఖాతా దొంగదా, నిజమైనదా అని తేల్చే పరీక్ష ఒకటే. ఆ సొమ్ము తిరిగి రావాలి. పైసాతో సహా, రాసుకున్నంత రావాలి. లోపలికి వెళ్లినట్టు కనబడి మళ్లీ ఎన్నడూ బయటపడని వేడి అయితే ఆయనదే గెలుపు. వాదం నిజానికి బ్లాక్ బుడ్ల దగ్గర కాదు, ఈ వాపసు దగ్గరే తేలుతుంది.

మావయ్య: అదే అడుగుతున్నాను. డిపాజిట్ అంటున్నావు, సరే. విత్‌డ్రా చేసి చూపించు.

మేనకోడలు: వంటింట్లో ఇడ్లీ పాత్ర ఉందిగా, అదే చూపిస్తుంది. అడుగున నీళ్లు మరుగుతుంటాయి. ఆవిరి పైకి లేచి చల్లటి పిండిని తాకుతుంది, తాకిన చోట మళ్లీ నీటిబొట్టవుతుంది. మూత తీస్తే లోపలివైపు బొట్లు జారుతుంటాయి, ఇడ్లీ గుంటల అంచుల్లో తడి నిలుస్తుంది. ప్రతి బొట్టూ ఒక రసీదు. గ్రాము నీటిని ఆవిరి చేయడానికి 540 కెలోరీలు కట్టాం. అది తిరిగి నీరైనప్పుడు అదే 540 పిండికి అప్పజెప్పింది. ఇడ్లీని ఉడికించేది ఎక్కువగా ఈ వాపసు సొమ్మే. నమ్మకం లేకపోతే కాలిన చేతిని అడగండి. వంద డిగ్రీల పొడిగాలి ఉన్న ఓవెన్‌లో చెయ్యి పెట్టి ఒక్క క్షణంలో తీసేస్తే చురుక్కుమంటుంది, అంతే. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు తగిలే ఆవిరి బొబ్బలెక్కిస్తుంది. రెండింట్లోనూ థర్మామీటరు చదివేది ఒకే వంద. గ్రాము మరిగే నీళ్లు చేతి మీద పడి ఒంటి వేడికి దిగివస్తే ఇచ్చేది 63 కెలోరీలు. గ్రాము ఆవిరి ఇచ్చేది ముందు 540, ఆపైన ఆ 63. ఇంచుమించు పదింతలు. మీ ఒక్క అంకె ఈ తేడాను ఎక్కడ రాసుకుంటుంది? గ్లాస్గోలోనే పనిముట్లు చేసే జేమ్స్ వాట్‌కి కూడా 1760ల మధ్యలో ఇదే తగిలింది. కాస్త నీళ్లు ఆవిరి చేసి చన్నీళ్లలోకి పంపిస్తే, ఆ ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల చన్నీళ్లను మరిగే దాకా తెచ్చింది. ఆశ్చర్యపోయి బ్లాక్ దగ్గరకు వెళితే ఆయన ఈ లెక్క విప్పి చెప్పాడు.

మావయ్య: వంటింటి లెక్క వంటింట్లో బాగానే ఉంది. చెంచాడు ఆవిరికి ఇంత హడావిడి ఎందుకంటాను.

మేనకోడలు: చెంచాడు కాదు. మూత కింద జరిగేదే బంగాళాఖాతం మీదా జరుగుతుంది. సముద్రం ఎండకు కాగి ఆవిరి పంపుతుంది, ఆ ఆవిరి పైకి లేచి చల్లబడి మబ్బవుతుంది, మబ్బయ్యేటప్పుడు డిపాజిట్టంతా గాలికి తిరిగి ఇచ్చేస్తుంది. గాలి వెచ్చబడి ఇంకా పైకి లేస్తుంది, కిందనుంచి మరింత తడిగాలిని లాక్కుంటుంది. తుపాను ఇంధనం ఇదే. చదరపు కిలోమీటరు మేర ఒక్క సెంటీమీటరు వాన పడిందంటే ఆ నీరు మబ్బుగా మారినప్పుడు విడుదలైన వేడి దాదాపు 68 లక్షల యూనిట్ల కరెంటుతో సమానం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున ఇలాంటి సెంటీమీటర్లను కురిపించుకుంటూ వచ్చింది. వార్తల్లో మీరు వందసార్లు విన్న మాటే గుర్తు చేసుకోండి, 'తీరం దాటి బలహీనపడింది' అని. నేల మీదకు రాగానే ఎందుకు బలహీనపడాలి? గాలికి నేల రాపిడి ఒక కారణం. దానికంటే పెద్దది, కిందనుంచి వచ్చే ఆవిరి జమ ఆగిపోవడం. ఖాతా ఎండిపోతే ఎంతటి తుపానైనా చల్లారాల్సిందే.

మావయ్య: సరే, సొమ్ము వాపసొచ్చిందని ఒప్పుకున్నాననుకో. అయినా వ్యాపారంలో ఎవడూ మీ గుప్తోష్ణం పేరు మీద సరుకు అమ్మడం నేను చూళ్లేదు. లోకం కొనేది, అమ్మేది డిగ్రీల్లోనే.

మేనకోడలు: మీ హాల్లో ఏసీ ఎంతది?

మావయ్య: టన్నున్నర.

మేనకోడలు: దేని బరువది? ఏసీ బరువు కాదుగా. ఆ టన్ను, మావయ్యా, కరగడానికి సిద్ధంగా ఉన్న మంచు బరువు. రెండు వేల పౌన్ల మంచు, అంటే 907 కిలోలు, ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అది ఒక టన్ను, మూడున్నర కిలోవాట్లు. యంత్రాలు రాకముందు చల్లదనాన్ని నిజంగా మంచుగడ్డల రూపంలోనే అమ్మేవారు, ఆ కొలమానమే మీ రసీదు మీద మిగిలిపోయింది. డిగ్రీల లెక్కన చూస్తే ఆ వ్యాపారం పిచ్చిపని. 1833లో బోస్టన్ నుంచి 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల మంచు వేసుకుని భూమధ్యరేఖ రెండుసార్లు దాటి నాలుగు నెలలకు కలకత్తా చేరింది. దాదాపు వంద టన్నులు గడ్డగానే దిగాయి. ఫ్రెడెరిక్ ట్యూడర్ అనే వ్యాపారి సాహసం అది. మద్రాసు తీరంలో ఆ మంచు నిలవ చేయడానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, ఇప్పుడు దానికి వివేకానందుడి పేరు. ఓడ నిండా మంచుకి బదులు సున్నా డిగ్రీల చన్నీళ్లు తెచ్చుంటే? చుట్టూ ఎంత కప్పినా దారిలోనే సముద్రమంత వెచ్చబడి ఉండేవి. థర్మామీటరుకు సున్నా డిగ్రీల నీళ్లకూ సున్నా డిగ్రీల మంచుకూ తేడా తెలియదు. వర్తకుడికి తెలుసు.

మావయ్య చాలాసేపు ఏమీ అనకపోవడం ఇక్కడ న్యాయం. కానీ ఆయన చేతిలో ఇంకో పద్దు ఉంది, మేనకోడలికి అది కాస్త ఇబ్బంది పెట్టేదే.

మావయ్య: ఉందన్నావు, తిరిగొస్తుందన్నావు, ఒప్పుకున్నాను. ఏ రూపంలో ఉందో చెప్పలేదు. వేడిగా ఉంటే వెచ్చగా తగలాలి. తగలదు. మరి వేడి కానిదాన్ని 'ఉష్ణం' అని ఎలా పిలుస్తావు? 'గుప్త' అంటే దాచిపెట్టిన నిధిలాగా, తవ్వితే బిందె దొరికేటట్టు ఉంది. పేరులోనే తప్పు ఉంది.

మేనకోడలు: పేరు విషయంలో మీరే గెలిచారు. బ్లాక్ కాలంలో చాలామంది వేడిని ఒక సూక్ష్మద్రవ్యంగా ఊహించుకున్నారు, అది మంచుతో కలిసి నీరవుతుందన్నట్టు. 1798లో రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిపించేటప్పుడు, తొలుస్తున్నంత సేపూ వేడి పుడుతూనే ఉందని చూపించాడు. ద్రవ్యమైతే అది ఎప్పుడో తరిగిపోవాలి. 1840ల్లో జౌల్ అనే ఇంకో శాస్త్రవేత్త, చేసిన పనికీ పుట్టిన వేడికీ మధ్య మారకం రేటు తేల్చాడు. వేడి సరుకు కాదు, కదిలే శక్తి అని తేలింది. మంచులో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వరుసల్లో నిలబడి ఉంటాయి. కరిగేటప్పుడు మనం ఇచ్చే శక్తి వాటి వేగాన్ని పెంచదు, పట్టు సడలించడానికి ఖర్చవుతుంది. ఆవిరయ్యేటప్పుడు పట్టు పూర్తిగా తెగాలి, అందుకే అక్కడ ఖర్చు దాదాపు ఏడింతలు. థర్మామీటరు కొలిచేది అణువుల వేగం తాలూకు పద్దునే. పట్టు తెంచిన ఖర్చు దానికి కనబడదు. కాబట్టి అది 'దాగిన వేడి' కాదు, వేరే పద్దులోకి మారిన శక్తి. బ్లాక్ బొమ్మ తప్పు, అంకె ఒప్పు. బొమ్మ పోయాకా అంకె నిలబడింది చూడండి, అదే దాని బలం.

మావయ్య: పద్దు మార్పు అంటే నాకు తెలిసిన భాష. ఇంతసేపూ అది చెప్పొచ్చుగా! సరే, ఎండ సంగతికి రా. రెంటచింతలలో 45, విశాఖలో 36. ఎండ ఎక్కడ ఎక్కువంటే చిన్నపిల్లాడైనా చెబుతాడు. దీనికి నీ రెండో పద్దు అక్కర్లేదు.

మేనకోడలు: ఎండ ఎక్కడ ఎక్కువో అక్కర్లేదు. ఒంటికి ఎక్కడ కష్టమో చెప్పాలంటే కావాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో గంటకు సుమారు 86 కిలోకెలోరీల వేడి పుడుతుంది. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు అది పోయే దారి ఒక్కటే, చెమట ఆవిరవడం. లీటరు చెమట పూర్తిగా ఆరితే 580 కిలోకెలోరీలు పట్టుకుపోతుంది, ఆరున్నర గంటలకు పైగా పుట్టే వేడి అది. ఆరితేనే. కారి కింద పడితే ఒక్క కెలోరీ కూడా పోదు. రెంటచింతలలో 45 డిగ్రీలుండి గాల్లో తేమ 20 శాతమే ఉందనుకోండి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అక్కడ 26 చూపిస్తుంది. విశాఖలో 36 డిగ్రీలు, తేమ 65 శాతం అనుకోండి. తడిగుడ్డ 30 దగ్గర ఆగిపోతుంది. కుండలో నీళ్లు రెంటచింతలలో చల్లబడ్డంతగా విశాఖలో చల్లబడవు, కూలర్ అక్కడ పనిచేసినట్టు ఇక్కడ పనిచేయదు. మనం దాన్ని ఎండ అనం, ఉక్కపోత అంటాం. భాషకి తెలిసిన తేడా ఇది. ఈ తడిగుడ్డ అంకె 35కి చేరితే ఎంత నీడలో ఉన్నా, ఎన్ని నీళ్లు తాగినా శరీరం వేడిని వదిలించుకోలేదని 2010లో లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద కొలిస్తే, ఉక్క వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే తేలింది. వాతావరణ శాఖ కూడా వడగాడ్పు అనడానికి మైదానాల్లో 40 డిగ్రీలు దాటాలంటే, తీరంలో 37 చాలంటుంది.

మావయ్య: ఆగు. అలాగైతే పొడి ఎండకి ఎవరూ పోకూడదు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. ఉక్క లేని జిల్లాల్లోనూ పోయారు. నీ తడిగుడ్డ ఆ రోజు వాళ్లకి 26, 27 అని భరోసా ఇచ్చి ఉండేది.

మేనకోడలు: ఇచ్చి ఉండేది, తప్పయి ఉండేది. గుడ్డ ఆరకుండా ఎవరో నీళ్లు పోస్తూ ఉంటేనే ఆ అంకె. మామూలు మనిషికి గంటకు లీటరు, మహా అయితే లీటరున్నర చెమట పడుతుంది. వేడిగాలి అంతకంటే వేగంగా ఒంట్లోకి వేడి తోస్తుంటే, పొలంలో పని చేస్తూ తాగడానికి నీళ్లు లేకపోతే, ఖాతాలో సొమ్ము నిండుకుంటుంది. అప్పుడు మిగిలేది మీ మొదటి పద్దే. ఆ యువతీయువకుల్లోనూ పొడి వేడిలో హద్దు ఇంకా తక్కువ తడిగుడ్డ అంకెకే వచ్చింది. రెండు పద్దులూ చదవాలంటున్నాను గానీ, ఒకటి కొట్టేసి ఇంకోటి పెట్టమనడం లేదు.

మావయ్య: మరి అరగంట ఊరికే మండిన నా గ్యాస్ బండ మాటేమిటి? అది చెప్పలేదు నువ్వు.

మేనకోడలు: పప్పు పొంగు వచ్చాక మంట పెద్దదిగా ఉంచితే పప్పు త్వరగా ఉడకదు, అది వంద డిగ్రీలకే ఉడుకుతుంది. మీరు కొనేది ఆవిరి. లీటరు నీళ్లను మరిగే దాకా తేవడానికి గ్రాముకు 70 కెలోరీలు, ఇగిరించడానికి 540. ఊరికే ఆవిరైపోయిన ప్రతి లీటరూ 70, 80 గ్రాముల గ్యాస్. పొంగు రాగానే సిమ్‌లో పెట్టమనండి. కుక్కరైతే మూత బిగించి ఒత్తిడి పెంచుతుంది కాబట్టి లోపల 120 దాకా వెళుతుంది, అక్కడ నిజంగా డిగ్రీలే పెరుగుతాయి.

మావయ్య లేచి గోడకున్న థర్మామీటరు తీశాడు, పాత పంచె అంచు చింపి, తడిపి, దాని బల్బుకు చుట్టి కిటికీ దగ్గర పెట్టాడు. పక్కన ఇంకోటి, పొడిది. పది నిమిషాలకు పొడిదాంట్లో 40, తడిదాంట్లో 27.

మావయ్య: చూశావా, చివరికి నీ రెండో పద్దు చదివిందీ నా థర్మామీటరే.

మేనకోడలు: గుడ్డ తడిగా ఉన్నంతసేపు.

మావయ్య: ఆరిపోతే?

మేనకోడలు: రెండూ 40 చూపిస్తాయి.

మావయ్య చెంబు అందుకున్నాడు.